పేరడగని బద్యా

పినపాకలో ఫోటో స్టూడియో నడిపే బద్యా ఎవరినీ పేరడగడు. అడవి అంచున బతికేవాళ్లమందరం అంతే. తలుపు కొట్టినవాడు నీళ్లడిగితే నీళ్లివ్వాలి, అన్నమడిగితే అన్నం పెట్టాలి. పేరు తెలుసుకున్నామా, రేపు ఇంకొకడు వచ్చి ఆ పేరు చెప్పమంటాడు. తెలియదంటే నాలుగు దెబ్బలతో పోతుంది. తెలుసంటే ఏం పోతుందో చెప్పలేం. పట్నం పత్రికలవాళ్లు దీన్ని గిరిజనుల అమాయకత్వమని రాసుకుంటారు. రాసుకోనీ.

2006 ఎండాకాలం, పెండ్లిళ్ల ముందు, బద్యా కంప్యూటర్ కొన్నాడు. మణుగూరు సంతలో ఎవడో అమ్ముతుంటే ఆల్బమ్ డిజైన్ల సీడీ ఒకటి తెచ్చాడు. లోపల పెట్టగానే తెరమీద ఇంగ్లీషులో హెచ్చరిక వచ్చింది. మా వాడలో ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగేది నేనొక్కణ్ణే కాబట్టి నన్ను కేకేశాడు.

"ఏమంటుందిరా గిది?"

"ఈ ప్రోగ్రాం చేసినోడు ఎవడో తేలలేదంట. అయినా నడపమంటవా అని అడుగుతుందన్నా."

"గీ డబ్బా గూడ పేర్లడుగుడు మొదలువెట్టిందా! ఠాణానా ఏంది ఇది?"

"వద్దను అన్నా. ఎవడిదో ఏమో."

"పుస్తకాలు సదివి సదివి పిరికోడివైనవ్ పో."

నవ్వాడు గాని, అవునూ నొక్కలేదు, కాదూ నొక్కలేదు. ఆ ప్రశ్న అట్లా ఎదురుగా నిలబడటమే అతనికి భయం. కొత్తగూడెంలో నేర్చుకున్న కంప్యూటర్ విద్యంతా వాడి సెక్యూరిటీ సెట్టింగుల్లోకి పోయాడు. ఎవడు చేసిందైనా సరే, అడగకుండా నడిచేటట్టు మార్చేశాడు. హెచ్చరిక మళ్లీ రాలేదు. డిజైన్లు బాగానే వచ్చాయి.

పెండ్లిళ్లు అయిపోయాక జంపక్క వచ్చింది. తునికాకు కోసుకుని బతికే కోయ మనిషి. ఆమె కొడుకు గణేష్‌ను సంతలో జీపు ఎక్కించుకుపోయారు. ఎక్కించినవాళ్లు తామెవరో చెప్పలేదు. చూసినవాళ్లు అడగలేదు.

"తమ్మీ, మొన్న పెండ్లిల మా పోరన్ని తీసినవ్ గదా, గా ఫోటో ఇయ్యి. ఖమ్మం దాకా పోయి చూపిస్త. ఫోటో లేకుంటే ఎవలూ మాట్లాడుతలేరు."

గణేష్ ఉన్న ఫోటో లోకంలో అదొక్కటే, పెండ్లివాళ్ల ఆల్బంలోకి కూడా ఎక్కనిది. బద్యా దాన్ని నొక్కాడు. తెరుచుకోలేదు. పక్కది నొక్కాడు. ఏదీ తెరుచుకోలేదు. సీడీలోంచి వచ్చిందేదో అన్నింటినీ తినేసింది. వరుసగా పేర్లున్నాయి, మొహాలు లేవు. కెమెరా కార్డు ఎప్పుడో చెరిపి వాడుకున్నాడు.

"ఎవలు జేసిండ్రు?"

"తెల్వదక్కా."

"అడగలేదా నువ్వు?"

బద్యా మళ్లీ ఆ ఫోటోనే నొక్కాడు.

"సంతల ఉన్నోళ్లూ గిదే అన్నరు," అంది జంపక్క. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి ఫోటోలు తీసే పరదా ముందు స్టూలు మీద కూర్చుంది. జుట్టు కనబడకుండా తలకు తువాల చుట్టింది.

"నన్ను తియ్యి. వానియి నా కండ్లే, నా ముక్కే. గిట్ల కడితే అచ్చం వాడే."

నిజమే. బద్యా కెమెరా పట్టాడు. అప్పుడే బయట జీపు ఆగింది. బూట్ల చప్పుడు మెట్ల దాకా వచ్చింది.

"జల్దీ, తమ్మీ," అంది ఆమె, కదలకుండా.

తలుపు మీద దెబ్బ పడింది.

బద్యా కెమెరా మీంచి కన్ను తీయలేదు. అట్లాగే తలుపు అవతలివాళ్లను అడిగాడు.

"ఎవరు మీరు? పేరు చెప్పుండ్రి."

ఫ్లాష్ వెలిగింది.