గిద్దలూరులో పేరు మూసి కొన్న హెడ్‌ఫోన్

"మీ మామతో మాట్లాడటమే మానుకున్నా పాపా. అరిస్తేగానీ వినపడదు, అరిస్తే మా సంసారం వీధంతా వింటాంది" అని రాచర్లలో ఉండే మా మేనత్త ఫోన్‌లో అన్నరోజే ఈ ప్రయాణం ఖాయమైంది. డాక్టరు ఇప్పించిన చెవి మిషను పెట్టుకుంటే ముసలోడంటారని మామ దాన్ని బీరువాలో దాచేశాడు. హెడ్‌ఫోన్ అయితే కుర్రాళ్ల వస్తువు, కాదనడు. ఒకే ఇంట్లో ఉన్నా ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకోవచ్చని నా ఉపాయం. పన్నెండు వేలు పోసి బాగా పేరున్న కంపెనీది కొన్నాను.

మార్కాపురంలో ఉదయం ఏడింటి బస్సెక్కితే కంభం మీదుగా తొమ్మిది దాటాక గిద్దలూరు చేరాను. అక్కడి నుంచి రాచర్లకు షేర్ ఆటో, ముప్పై రూపాయలు. డ్రైవరు నా ఒళ్లోని పెట్టె చూసి, "ఆ కంపెనీదా అక్కా? సూపరుంటాది" అన్నాడు. ఎప్పుడైనా విన్నావా అంటే, "లేదు గానీ, పేరుంది గదా" అన్నాడు. నాకు గర్వంగానే అనిపించింది, దాచడమెందుకు.

మామ పెట్టె మీది పేరును రెండుసార్లు తడిమి, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. అత్త వంటింట్లోంచి ఫోన్ చేసింది. "అబ్బ, ఎంత బాగుండాది!" అన్నాడు మామ. అత్తకు అనుమానమొచ్చి, "మన గొర్రెలన్నీ అమ్మేసినా" అంది. మామ నవ్వుతూ తలూపాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గట్టిగా నిలదీస్తే, "అంత పెద్ద కంపెనీది వినపడలేదంటే తప్పు నా చెవిదే గదమ్మా" అన్నాడు, పిచ్చి మనిషి.

అన్నాలయ్యాక ఆ పెట్టె కూడా పట్టుకుని ముగ్గురం గిద్దలూరు వెళ్లాం. బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే భాయ్ దుకాణంలో ఒక పద్ధతుంది. వినిపించే ముందు ప్రతిదాని పేరు మీదా నల్ల టేపు వేస్తాడు. "పేరు కనపడితే వినకముందే బాగుందంటారమ్మా. సాయంత్రానికి తెచ్చి నాతో తగువు" అన్నాడు. నాదానికీ వేశాడు. మామను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, అత్తను ఫోన్‌తో వీధిలోకి పంపాడు.

మొదటిది పెట్టగానే మామ, "మాట తెలీకుండా గుమ్మంటాంది, తీసెయ్" అన్నాడు. అది నాదే. భాయ్ నా ముఖం చూసి, "పాటలకు మంచిదేనమ్మా, మాటకు పనికిరాదు" అని సర్దిచెప్పాడు. మూడోదానికి మూయడానికి పేరే లేదు, నాలుగువందల యాభై. అత్త మామూలు గొంతుతో, "చానా దినాలాయె నీతో నిమ్మళంగా మాట్లాడి" అంది.

మామ గోడవైపు చూస్తూనే అడిగాడు. "ఏందే, ఏడుస్తా ఉండావా?"

ఆ పేరు లేనిదే కొనిచ్చి, తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని సిగ్గుపడ్డాను. ఆ పేరు నేను మామ కోసం కొనలేదు, ఎంత మంచి మేనకోడలినో నలుగురికీ తెలియాలని కొన్నాను. ఆ పేరే ఆయన చేత అబద్ధమాడించింది. అయినా మనసు తేలిగ్గానే ఉంది. మీరూ ఇంట్లో పెద్దవాళ్లకు ఇలాంటిది కొనబోతుంటే, పేరు మూయించండి. వాళ్లకు ఎవరి మాట వినపడాలో ఆ మనిషిని కూడా దుకాణానికి వెంట తీసుకెళ్లండి.