గోడ అవతలి ఊపిరి

ఇందిరా నగర్‌లోని మా ఇంట్లో మధ్యాహ్నం పూట మనిషి అలికిడి ఉండదు. ఈ అరవ ఊరి బజారులో మా స్టీలు సామాన్ల కొట్టు మూసి ఆయన, నేను అన్నానికి వస్తాం. తిన్నాక ఆయన హాల్లో నిద్రపోతారు. వెనక గదిలో మా వదినె, అంటే ఆయన అక్క ఉంటుంది. కూతురు అత్తారింట్లో ఉంది. భర్త పోయాక మా దగ్గరికి వచ్చేసింది. పెళ్ళిళ్ళకు రాదు, కొట్టుకు రాదు, గట్టిగా నవ్వదు. మనసు విరిగిపోయిందనుకునేవాళ్ళం.

ఒక ఏడాది నడవలో నేల మీద చుక్కలు కనబడసాగాయి. వంటింటి గడప నుంచి మొదలై, ఎటు పోయాయో తెలిసేలోపే ఆరిపోయేవి. పైకప్పు కారడం లేదు. ఒంగి చూస్తే నీళ్ళు కావని వాసనే చెప్పింది. తుడిచేసేదాన్ని. మర్నాడు మళ్ళీ.

అవి నావేనని భయపడ్డాను. కొట్లో పెద్ద గుండిగ ఎత్తినా, తుమ్మినా నాకు చీర తడిసేది. అది నాకు తెలిసేది. ఇవి నాకు తెలియకుండానే పడుతున్నాయంటే, నా ఒళ్ళు నా మాట వినడం మానేసిందనిపించింది.

గోరిమేడులో ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళాను. చిన్న వయసు అమ్మాయి, అరవంలో ఓపిగ్గా చెప్పింది. మూత్రాన్నీ కింది గాలినీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలి కండరాలను పైకి బిగించాలి. కాసేపు పట్టి ఉంచి, పూర్తిగా వదలాలి. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు. నెలలు పడుతుందంది.

మధ్య గదిలో చాప మీద పడుకుని మోకాళ్ళు మడిచి ప్రయత్నిస్తే లోపల ఏమీ పలకలేదు. ఆ చోటు నాది కానట్టే ఉంది. కొన్ని వారాలకు గానీ ఒక చిన్న కదలిక తెలియలేదు.

"బిగించు... వదులు..." అని పైకే చెప్పుకుంటూ చేసేదాన్ని. ఒకరోజు గోడ అవతల ఊపిరి వినబడింది. నేను బిగించు అనగానే ఆగిపోయింది. వదులు అనగానే బుస్సుమని బయటికొచ్చింది. నేను ఊరుకుంటే అదీ ఊరుకుంది. ఆయనకు చెబితే, "ఎలకలుంటాయిలే" అని అటు తిరిగి పడుకున్నారు.

నాకు నయమైంది. దగ్గినా చీర పొడిగానే ఉంటోంది. చుక్కలు మాత్రం పోలేదు.

ఒక మధ్యాహ్నం అవి తడిగా ఉండగానే కనబడ్డాయి. వెంట నడిచాను. వెనక గది తలుపు దాకా తీసుకుపోయాయి. మెల్లగా తోశాను.

వదినె నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది. పక్కన నిండు నీళ్ళ బిందె. మోకాళ్ళు మడిచి, కళ్ళు గట్టిగా మూసి, బుగ్గలు ఉబ్బించి, మొహం కందిపోయేదాకా ఊపిరి బిగబట్టింది.

"ఏంది వదినె ఇది?"

ఉలిక్కిపడి లేచి కూర్చుంది. "నువ్వు చెప్పుకుంటాంటే వింటి. నేనూ చేస్తాండా. ఏం నిలవలా."

"ఎన్నాళ్ళుగా?"

"నా పాప పుట్టినకాడ్నుంచి. ఈమధ్య మరీ ఎక్కువాయ. బిందె ఎత్తితే చాలు, పోతాది. ఇట్లాంటిదాన్ని నలుగుర్లో యాడ కూర్చునేది?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నాకు జెప్పినావా?"

ఆమె పక్కన కూలబడ్డాను. "ఊపిరి బిగబట్టకూడదంట వదినె. ఇంకా కిందికి తోస్తాదంట."

ఆ వారమే ఆమెను గోరిమేడుకు తీసుకెళ్ళాను. నాకంటే ఎక్కువ నెలలు పట్టింది. పూర్తిగా పోలేదు కూడా. బస్సు ప్రయాణమైతే ప్యాడు పెట్టుకుంటుంది. మొన్న బంధువుల పెళ్ళికి మాత్రం అందరికంటే ముందు తయారై, ముందు వరసలో కూర్చుంది. నేను వెనక నుంచి మాటిమాటికీ చూస్తూనే ఉన్నాను. పక్కనామె ఏదో అంటే, భుజాలు కదిలేలా నవ్వింది.