ఆది జాకెట్టు అడిగిన అక్క

నా చిన్నప్పుడు తిరువొత్తియూరులో మా పక్కింటి అక్కకు ఆది జాకెట్టు అడగని టైలరమ్మ అని పెద్ద పేరు. మిగతా టైలర్లు కొలతకని ప్రతిసారీ పాత జాకెట్టొకటి ఆదిగా తెమ్మనేవారు. అక్క ఒకసారి టేపు పెట్టి కొలిచిందంటే చాలు, ఆ కొలత ఆమె తలలోనే ఉండిపోయేది. రేడియోలో పాటలు వింటూ, పొయ్యి మీద అన్నం కనిపెట్టుకుంటూ, కిటికీలోంచి చేపలామెతో బేరమాడుతూ కుట్టినా కుట్టు వంకరపోయేది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కొంచెం గర్వం కూడా ఉండేది, ఎందుకుండకూడదు?

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి, ఆ తర్వాత నెలల తరబడి కీమో మందులు ఎక్కించారు. అక్క గట్టెక్కింది. ఊడిపోయిన జుట్టు ఉంగరాలు తిరిగి మళ్ళీ వస్తే అద్దంలో చూసుకుని మురిసిపోయింది. సముద్రపు గాలికి మిషన్‌కు పట్టిన తుప్పు తుడిచి, నూనె వేసి, మొట్టమొదటి పనిగా నా స్కూలు డాన్సుకు పట్టు జాకెట్టు ఒప్పుకుంది.

కొలత తీసుకుంటూ డాన్సు ఏ రోజని అడిగింది. చెప్పాను. కాసేపటికి మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగేసరికి నాకు విసుగొచ్చి, "ఇందాకే కదా చెప్పాను!" అన్నాను. అక్క మొహం చిన్నబోయింది. నేను అదేమీ పట్టించుకోకుండా ఆడుకోవడానికి పరిగెత్తాను.

రేపు డాన్సనగా జాకెట్టు వచ్చింది. వేసుకుని కుడి చెయ్యి ఎత్తితే భుజం దగ్గర పట్టేసింది. అమ్మ విప్పి తిరగేసి చూసింది. జాకెట్టు చేతి ముక్కకు చంక వంపు ముందువైపు లోతెక్కువ, వెనకవైపు తక్కువ ఉంటుంది. అందుకే కుడిదీ ఎడమదీ ఎదురెదురుగా కత్తిరించాలి. అక్క రెండూ ఎడమ చేతికే కత్తిరించింది. "నాకు రెండూ ఎడమ చేతులేనా?" అని పగలబడి నవ్వాను. అమ్మ తొడపాశం పెట్టి నన్నూ జాకెట్టునూ పక్కింటికి లాక్కుపోయింది.

అక్క జాకెట్టు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. మిషన్ మీద దుప్పటి కప్పేసి అమ్మతో అంది:

"ఎవరికన్నా ఇచ్చేస్తా అక్కా దీన్ని. నాకింక చేత కాదు."

దిగులు వల్ల అలా అవుతుందని, ప్రాణం దక్కింది కదా అని అమ్మ సర్దిచెప్పబోయింది.

"దిగులు కాదక్కా. డాక్టరూ దిగులనే చెప్పినాడు. నేను బాగానే ఉండాను. ఒక పని చేస్తా ఉంటే ఇంకోటి జారిపోతా ఉంది. పాటకి చెవి పోయిందంటే కత్తెర ఏడ పెట్టినానో తెలీడంలే."

నా నవ్వు ఎప్పుడో పోయింది. రేపటి డాన్సు తలచుకుని నాకు ఏడుపొచ్చింది. అక్క నా వైపు చూసి నిట్టూర్చి లేచింది. రేడియో కట్టేసింది, పొయ్యి ఆర్పింది, కిటికీ మూసింది. దుప్పటి తీసేసింది.

"దా కన్నా, ఈడ కూచో. నేను చేసేదంతా పైకి చెప్తా పోతా. తప్పు చెప్తే ఆపెయ్, సరేనా?"

మిగిలిన పట్టు ముక్క పరిచి, కుడి చెయ్యి, లోతు ముందుకు, అంటూ సుద్దతో గీసింది. సగంలో ఆగింది. "ఏ చెయ్యి అన్నాను?"

"కుడి చెయ్యి అక్కా" అన్నాను. కాసేపటికి మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను. అరగంట పనికి మధ్యాహ్నమంతా పట్టింది. మర్నాడు రెండు చేతులూ హాయిగా ఎత్తి ఆడాను. ముందు వరసలో కూర్చున్న అక్క డాన్సు వదిలేసి నా భుజమే చూస్తోందని స్టేజీ మీది నుంచే తెలిసిపోయింది.

కుడివైపు నుంచి ఊడదీసిన ఎడమ చేతి ముక్కను ఆమె దాచలేదు. మిషన్ ఎదురుగా గోడకు మేకు కొట్టి తగిలించింది. కత్తెర పట్టే ముందు దాన్నొకసారి చూసుకునేది. ఆ నెల నుంచే అందరినీ ఆది జాకెట్టు తెమ్మని అడగడం మొదలుపెట్టింది. నీక్కూడా ఆది కావాలా అని ఎవరో ఎకసెక్కంగా అంటే, "ఇప్పుడు కావాల. మందు రోగాన్ని తీసకపోతా పోతా నా గ్యాపకాన్ని కొంచెం ఎత్తకపోయింది. కుట్టేది మాత్రం నేనే కదా, తీసకరా పో" అంది. తీసుకొచ్చారు. చాలా ఏళ్ళు కుట్టింది అక్క, నా పెళ్ళి జాకెట్టుతో సహా.

కీమో తర్వాత కొందరికి ధ్యాస నిలవదని, గుర్తుపెట్టుకోవడం కష్టమవుతుందని ఇప్పుడు డాక్టర్లే చెబుతున్నారు. అప్పట్లో ఆమె మాట నమ్మినవాళ్ళు తక్కువ. ఈమధ్య నా జుట్టూ నెరుస్తోంది. ఇంట్లో ఎవరైనా చెప్పిన మాటే మళ్ళీ అడిగితే 'ఇందాకే కదా' అని నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు కుడి భుజం దగ్గర పట్టు జాకెట్టు పట్టేసినట్టనిపిస్తుంది. ఆ రోజు 'కుడి చెయ్యి అక్కా' అన్నంత నెమ్మదిగా, మళ్ళీ చెబుతాను.