మాట్లాడనివాళ్ళ పక్కన కూర్చున్న మనిషి

పోయిన ఆదివారం అల్లూరులో మా ముఖ్యసేవిక కన్నుమూశారు. ఫోన్లో వాళ్ళ మేనకోడలు "నిద్రలోనే పోయింది, ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు" అంది. నాకు ఏడుపుతోపాటు నవ్వు కూడా వచ్చింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆవిడ పని ఊళ్ళవాళ్ళని మర్యాదగా ఇబ్బంది పెట్టడమే గదా!

ఇప్పటివాళ్ళకి ముఖ్యసేవిక అంటే తెలియకపోవచ్చు. పంతొమ్మిది వందల అరవై ప్రాంతంలో బ్లాకు ఆఫీసుల్లో నాబోటి గ్రామసేవికలు ఉండేవాళ్ళు. ఊరూరా తిరిగి మహిళా మండలులు పెట్టించడం, పిల్లలకి పాలపొడి కలిపి ఇవ్వడం మా పని. మా పైన ఉండేది ముఖ్యసేవిక. మా ముఖ్యసేవిక మద్రాసులో సంఘసేవ చదువుకుని వచ్చారు. మనుషుల స్వభావాలు ఎన్ని రకాలో, పదిమంది ఒకచోట చేరితే ఎవరు ఎవరిని నడిపిస్తారో, అన్నీ చదివారు. చదివింది మా మీద రుద్దేవారు కాదు గాని, తిరుగు బస్సులో మాత్రం నన్నొకటి అడిగేవారు: "ఈ రోజు ఎవరు మాట్లాడలా?" ఎవరు బాగా మాట్లాడారో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు. "మాట్లాడేవాళ్ళు మనల్ని ఎతుక్కుంటా వస్తారు. మిగతావాళ్ళ సంగతి చెప్పు."

దొరవారిసత్రంలో బస్సు దిగి, అక్కడినుంచి బండిమీద కొంత, కాలినడకన కొంత పోతే పులికాట్ ఒడ్డున ఒక చేపలు పట్టేవాళ్ళ పల్లె. అక్కడ మండలి పెట్టిన మొదటిరోజు ఆవిడ ఆడవాళ్ళందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరూ పేరూ ఇష్టమైన కూరా చెప్పమన్నారు. నవ్వులే నవ్వులు. వరస ఒక గర్భిణి దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయి తల దించుకుని పేరు మాత్రం చెప్పింది. అంతే, పక్కామె నోరు విప్పలేదు. ఆ పక్కామె లేచి పిల్లాడు ఏడుస్తున్నాడంది. కాసేపటికి చాప ఖాళీ.

"ఆ పిల్లది అంతర్ముఖ స్వభావం. గుంపంటే బెరుకు" అన్నారు ఆవిడ, పుస్తకం తెరిచి చదివినట్టు.

మేము బండి దగ్గరికి చేరేసరికి ఆ అంతర్ముఖురాలు వెనకనించి పరుగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి, బండివాడు ఎడ్లు కట్టేదాకా ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. తన మేక సంగతి, కీళ్ళనొప్పుల సంగతి, వాళ్ళమ్మ చేసే పులుసు సంగతి. మధ్యలో అసలు సంగతి. సరస్సులో ఎవరి వల ఏ చోట వెయ్యాలో ఆ పల్లెలో వంతులుంటాయి. దాని మొగుడు వంతు తప్పి వల వేసి, పట్టుబడి, మద్రాసుకి పారిపోయాడు. కులపెద్ద ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదని కట్టు పెట్టాడు.

"మంత్రసాని కూడా రానంటుండాదక్కా. మాట లేకుండా కాన్పు ఎట్టా చేసేది, ముక్కమని చెప్పాల గదా అంటుండాది. మొదటి బిడ్డ పురిట్లోనే పోయినాడు" అని అప్పుడు ఏడ్చింది.

తిరుగు బస్సు సూళ్ళూరుపేట దాటాక ఆవిడ అన్నారు: "మనిషి స్వభావం అని మనం రాసేదాంట్లో సగం పక్కవాళ్ళ స్వభావమే."

ఆఫీసులో చెబితే అధికారి జీపూ పోలీసునూ పంపిస్తానన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. జీపు సాయంత్రానికి తిరిగొచ్చేస్తుంది, ఆ పిల్ల అక్కడే బతకాలి గదా అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నెలలు నిండుతున్న మనిషి విషయంలో ఈ నిదానమేమిటి అనుకున్నాను.

మరుసటి వారం ఆవిడ నేరుగా కులపెద్ద ముందు నేలమీద కూర్చున్నారు.

"ఆ పిల్లతో మీవాళ్ళు మాట్లాడగూడదు, సరే. నాతో మాట్లాడొచ్చు గదా పెద్దాయనా?"

"మీతో మాకేం అడ్డమమ్మా!"

"అట్టయితే నేను వచ్చినప్పుడంతా ఆ పిల్ల పక్కనే కూర్చుంటా."

అత్తాకోడళ్ళు అలిగితే గోడతోనో పిల్లితోనో చెప్పినట్టు ఒకరికి వినబడేలా ఒకరు మాట్లాడుకోవడం ఎవరికి తెలియదు? పెద్దాయనకి అర్థమయింది. అయినా "మీ ఇష్టం" అని సరస్సు వైపు తిరిగాడు.

ఆ రోజునుంచి మా మద్రాసు చదువే వాళ్ళకి ఆ గోడా, ఆ పిల్లీ అయింది. "అక్కా, కడుపుతో వుండేవాళ్ళు అంత బరువు ఎత్తగూడదని చెప్పు" అని ఒకామె. "ఎత్తకపోతే నీళ్ళు ఎవరు తెస్తారో అడగక్కా" అని ఈ పిల్ల. ఆవిడ అటూ ఇటూ తల తిప్పుతూ ప్రతి మాటా అందించేవారు, తిట్లతో సహా. రెండోసారికే ఆ నీళ్ళబిందె ఎవరో మోసిపెట్టారు. మంత్రసాని, కులపెద్దకి సొంత అక్కే, మాత్రం దూరంగా కూర్చుని ఆకూవక్కా నములుతూ వినేది. ఒకనాడు గొంతు సవరించుకుని, "ఆ పిల్లకి కాళ్ళు వాచినయ్యేమో చూడక్కా" అంది. ఆ సాయంత్రం బస్సులో ఆవిడ చిన్నగా చర్చి పాట పాడుకున్నారు.

నొప్పులు మొదలైనరోజు మేమక్కడే ఉన్నాం. మిట్టమధ్యాహ్నం, గుడిసెలో ఉడికిపోతున్నాం. మంత్రసాని వచ్చింది. "మోకాళ్ళు మడవమను అక్కా." ఆవిడ చెప్పారు. "ఊపిరి పట్టమను అక్కా." చెప్పారు. ఎంతసేపటికీ బిడ్డ కదలలేదు. పిల్ల కళ్ళు తేలేస్తోంది. అప్పుడు ఆవిడ ఉన్నట్టుండి లేచి, "నాకు కళ్ళు తిరగతా వుండాయి" అని నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చారు.

"ఇదేందక్కా! ఇప్పుడా బయటికి రావడం?" అని నేను అరిచాను. నోరు ముయ్యమని సైగ చేశారు.

లోపల ఎవరూ మాట్లాడడంలేదు. నొప్పితో మూలిగే గొంతు ఒక్కటే.

"ముక్కు తల్లీ! ముక్కమ్మే! నేనుండా గదా!"

మంత్రసాని గొంతు అది. వెంటనే గుడిసె చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళంతా అందుకున్నారు. అందరూ ఆ పిల్లని పేరుపెట్టి పిలుస్తూ అరుస్తున్నారు. ఇక కట్టు తప్పినందుకు జరిమానా వెయ్యాలంటే కులపెద్ద మొదట సొంత అక్కకే వెయ్యాలి.

బిడ్డ ఏడుపు వినబడగానే నేను లోపలికి పరుగెత్తబోయాను. ఆవిడ వదల్లేదు.

"పోబాక. ఇప్పుడు మనం పోతే మళ్ళా మనతోనే మాట్లాడతారు."

నెత్తిన కొంగు కప్పుకుని ఆ ఎండలో ఇసకమీద కూలబడ్డారు. లోపల బిడ్డ ముక్కు ఎవరి పోలిక అని అప్పుడే తగవు మొదలయింది. తల్లి గొంతు కూడా అందులోనే ఉండాలి. ఎంత చెవి పెట్టినా ఏది ఎవరి గొంతో నాకు తెలియలేదు. ఆవిడ మాత్రం కళ్ళు మూసుకుని, ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింటున్నారు.