కొయ్యపేట ఆడపడుచు

మా కొయ్యపేట పిడికెడు ఇళ్ల ఊరు. పొడంపేటకు దిగువన, ఇటు రుషికుల్య ఏరు, అటు సముద్రం, మధ్యలో కాస్త ఇసుక. పటంలో వెతికితే దొరకదు, దొరక్కపోతే దానికేం నష్టమని చిన్నప్పుడు నేను పోట్లాడేదాన్ని.

సిక్కోలు వైపు నుంచి తెప్ప మీద వచ్చిన మా ముత్తాత, దిగినచోట తెరచాప కొయ్యను పాతి వల ఆరేశాడట. ఆ కొయ్యతోనే ఊరికి పేరు పడింది. పాతిన ఇంటివాళ్లు తప్ప దాన్ని ఎవరూ ముట్టకూడదు. సముద్రం ముందుకొచ్చి ఊరు వెనక్కి జరిగితే, ఆ ఇంటివాళ్లే పెకలించి కొత్తచోట పాతాలి. పాతేదాకా ఆ చోటికి పేరు రాదు. మా తాత రెండుసార్లు పాతాడు.

ఇప్పుడు ఆ ఇంటికి మిగిలింది నేనొక్కదాన్నే. కాపురం బరంపురంలో, లంజిపల్లిలో. మొన్న వానాకాలంలో సముద్రం ముందు వరస ఇళ్లను మింగాక, అందరినీ లోపలి కాలనీకి పంపారు. మావ వరసయ్యే పెద్దాయన ఫోన్ చేశాడు.

"సామాన్లు ఎల్లిపోనాయమ్మా. కొయ్య ఉండిపోనాది. ఆడపిల్లవైనా నువ్వే పీకాలని పెద్దలు సెప్పినారు. బేగి రా."

"ఆదివారం వస్తాను మావా" అన్నాను. ఒక కర్ర కోసం ఆఫీసులో సెలవు అడగడం నాకు నామోషీ. ఇంకా సిగ్గులేని మాట ఏమిటంటే, అది నాలుగు రోజులు ఆగలేదా అని విసుక్కున్నాను కూడా.

శుక్రవారం పోటుకు కొయ్య కొట్టుకుపోయింది.

"కొయ్యకి కట్టి లాగడానికి తాడు సేతిలోనే ఉంది" అన్నాడు మావ, నేను కాలనీకి వెళ్లగానే. "మోకాళ్ల దాకా నీళ్లొచ్చినా ఎవులమూ సెయ్యి ఎయ్యలేదమ్మా. నువ్వొస్తానన్నావు కదా."

తిట్టి ఉంటే ఎదురు తిట్టి, ఏడ్చి తేలికపడేదాన్ని. ఒక్కరూ తిట్టలేదు. చుట్టానికి పెట్టినట్టు నాకే ముందు అన్నం పెట్టారు. ఎప్పుడూ అందరం ఒకే చాప మీద కూర్చుని తినేవాళ్లం. ఆ రోజు నాకు కుర్చీ వేశారు. వాళ్లందరి మధ్యా అంత ఒంటరిగా నేనెన్నడూ అన్నం తినలేదు.

తిన్నాక కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుంటుంటే, కొత్తగా కాపురానికి వచ్చిన ఒక పిల్ల నవ్వుతూ అడిగింది.

"ఏ ఊరమ్మా మీది?"

మావ పక్కనే ఉన్నాడు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని నిలబడ్డారు.

"బరంపురం" అన్నాను.

అందరూ విన్నారు. ఎవరూ కాదనలేదు.