సుశీల మేడం నేర్పిన భయం

మిరపకాయ బజ్జీల వాసన తగిలితే ఎవరికైనా నోరూరుతుంది. నాకు మాత్రం అరచేతులకు చెమట పడుతుంది. మొన్న సెలవుకు వచ్చినప్పుడు అమీర్‌పేటలో మెట్రో దిగి, సాఫ్ట్‌వేర్ కోచింగ్ బోర్డుల మధ్య నడుస్తూ ఆ పాత సందులోకి తిరిగానో లేదో, కాగుతున్న నూనె వాసన గుప్పుమంది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆ బజ్జీల కొట్టు పైన, రెండో అంతస్తులో, ఒకే ఒక్క గదిలో సుశీల మేడం మాకు పాఠం చెప్పేవారు. ఇప్పుడు ఆ గదికి ఏదో కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడుతోంది. మేడం నిరుడు పోయారు. ఇవాళ నేను ఇంగ్లండులో నర్సుగా నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆవిడ చలవే.

మాది సిద్దిపేట దగ్గర పల్లె. నర్సింగ్ చదివి పంజాగుట్టలో ఒక పెద్ద ఆస్పత్రిలో ఆరేళ్ళు చేశాను. పని వచ్చుననే ధీమా బాగానే ఉండేది. ఇంగ్లండులో ఉద్యోగం ఖాయమయ్యాక తెలిసింది, మన పట్టా ఒక్కటే అక్కడ చాలదని. అక్కడికి వెళ్ళాక ఒక ప్రాక్టికల్ పరీక్ష పెడతారు. రోగిలా నటించే మనిషిని మంచం మీద పడుకోబెట్టి, మనం చేసే ప్రతి పనినీ పక్కన నిలబడి రాసుకుంటారు. నెగ్గితే లైసెన్సు. లేకపోతే ఉద్యోగం పోతుంది, దానితోపాటు వీసా కూడా. ఆ సంగతి విన్న రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

సుశీల మేడం తెనాలి వైపు మనిషి. నేను పనిచేసిన ఆస్పత్రిలోనే ఒకప్పుడు నర్సు. తర్వాత ఇంగ్లండు వెళ్ళి, ఆ పరీక్ష నెగ్గి, చాలా ఏళ్ళు పనిచేసి తిరిగొచ్చి, అమీర్‌పేటలో మాలాంటి నర్సులను ఆ పరీక్షకు తయారుచేసేవారు. గంజి పెట్టిన నూలు చీరలో, నవ్వడానికి తీరిక లేనట్టు ఉండేవారు. గదిలో ఒక ఇనుప మంచం, దాని మీద రోగిగా తానే పడుకునేవారు. మొదటి రోజు, ఇది ఏడో నంబర్ బెడ్ అనుకోమని చెప్పి, నా చేతికి ఒక మాత్ర, గ్లాసుడు నీళ్ళు ఇచ్చి పడుకున్నారు. నేను చేతులు శుభ్రంగా కడుక్కుని, నవ్వు ముఖంతో దగ్గరికెళ్ళాను.

“పెద్దమ్మా, జర లేసి గీ గోలీ ఏసుకోండ్రి.”

“చచ్చిపోయాను,” అన్నారు మేడం కళ్ళు మూసుకుని. “ఆ మాత్ర నాదేనని నీకెవరు చెప్పారు?”

“ఏడో నంబర్ బెడ్ గద మేడం.”

“ఏంటీ, జబ్బు మంచానికా?”

అందరూ ఘొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా వార్డులో పెద్దవాళ్ళను పట్టుకుని నీ పేరేంటని అడగడం మర్యాద కాదు. అక్కా, పెద్దమ్మా, తాతా అనే పిలుస్తాం. ఒకవేళ అడిగినా, “రోజు జూస్తున్నవ్ గద బిడ్డా, నా పేరు తెల్వదా?” అని నొచ్చుకుంటారు. మంచం నంబరు, పక్కన కూర్చున్న కోడలు చెప్పే మాట, మాకు అవే ఆధారం. ఆ పరీక్షలో మాత్రం రోగి తన పేరు, పుట్టిన తేదీ తన నోటితోనే చెప్పాలి. రోగి చేతికి కట్టిన పేరు పట్టీతో సరిచూశాకే మందు. పేరు మనం అందించనే కూడదు. ఇంత చిన్నదానికి ఈవిడ ఇంత రాద్ధాంతం ఎందుకు చేస్తున్నారని పైకి అనలేదు గానీ, నా ముఖంలో కనిపించే ఉంటుంది.

ఆ సాయంత్రమే మేడం నాతోపాటు పంజాగుట్ట దాకా నడిచొచ్చారు. మా ఆస్పత్రి ఎదురుగా, రోడ్డు పక్క రెయిలింగ్ పట్టుకుని ఆగారు.

“అదిగో, ఆ మూడో అంతస్తులోనే. ఇన్సులిన్ సిరంజి పట్టుకెళ్ళి, ‘వెంకటమ్మేనా?’ అన్నాను. ఆవిడ ‘ఆఁ తల్లీ’ అంది. ఇచ్చేశాను. ఆవిడ వెంకటమ్మ కాదు. ఆవిడకు అసలు షుగరే లేదు.”

హారన్ల మోతలో సరిగా విన్నానో లేదో అనుకున్నాను. “మరి ఆఁ అని ఎందుకన్నది మేడం?”

“నర్సు అడిగితే కాదంటే బాగుండదనుకుంది. కాసేపటికి ఒళ్ళంతా చెమటలు, మాట ముద్దగా అయిపోయింది. డాక్టరుగారి దగ్గరకు పరిగెత్తి ఉన్నదున్నట్టు చెప్పాను. గ్లూకోజ్ ఎక్కించారు, బతికింది. ఇంటికెళ్ళే రోజు, ప్రాణం నిలబెట్టావు తల్లీ అని నాకు దండం పెట్టింది. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.”

ఆవిడ రెయిలింగ్ వదలకుండా ఆ మూడో అంతస్తు కిటికీల వైపే చూస్తున్నారు. అంత గట్టి మనిషికి ఇన్నేళ్ళయినా ఆ భయం పోలేదని చూసి నాకూ భయం పట్టుకుంది. మర్నాడు వార్డులో సిరంజి పట్టుకుని, కేస్ షీటు రెండుసార్లు చూసుకుంటే గానీ మంచం దగ్గరికి వెళ్ళలేదు.

ఇంత విని కూడా, ఇంగ్లండు వెళ్ళాక మొదటిసారి పరీక్ష తప్పాను. మంచం మీద తెల్లజుట్టు ముసలావిడ. కాగితాలు పట్టుకుని పక్కనే పరీక్షకురాలు. ఆరేళ్ళ అలవాటు ముందుకు తోసుకొచ్చింది, ఆవిడ పేరు నేనే పలికి, మీరేనా అని అడిగాను. ఆవిడ అవునంది. బయటికొచ్చాక గానీ చేసిన తప్పు తెలియలేదు.

“ఫెయిలైన మేడం,” అన్నాను ఫోన్‌లో. ఎలా అడిగానో చెప్పాను.

“ఆవిడ అవునందా?”

“అన్నది.”

“అందరూ అంటారమ్మా,” అన్నారు మెల్లగా. తిట్టినా బాగుండేది.

రెండోసారి తప్పితే తిరుగు ప్రయాణమేనని అక్కడి ఆస్పత్రివాళ్ళు ముందే చెప్పేశారు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి నా పేరు నన్నే అడిగేదాన్ని. ఊళ్ళో వాళ్ళకు ఏం ముఖం చూపించాలన్న దిగులు ఒకపక్క, ఈ చేత్తో ఎవరినైనా చంపుతానేమోనన్న భయం ఇంకోపక్క. రెండోసారి పరీక్షలో పేరు చెప్పమని అడిగి నోరు మూసుకున్నాను. నటించే మనిషి కావాలనే తాత్సారం చేశాడు. పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపుకున్నాను. చివరికి అతనే చెప్పాడు.

లైసెన్సు వచ్చిన రోజు ఎగిరి గంతేసి మేడంకు ఫోన్ చేశాను. రేపే మొదటి డ్యూటీ అని చెప్పాను. ఆవిడ శభాష్ అననే లేదు.

“భయంగా ఉందా?” అన్నారు.

“ఇంకేం భయం మేడం! ఫికర్ లేదిగ!”

“అయితే రేపు వెళ్ళకు,” అన్నారు.

ఒళ్ళు మండింది. ఇంత పండుగ పూట ఆ మాటేమిటని అలిగి ఫోన్ పెట్టేశాను. మర్నాడు మందుల ట్రే చేతికి రాగానే, వార్డు తలుపు అవతల నేనెరగని మనుషులు, నేను ఏ పేరుతో పిలిచినా అవుననడానికి సిద్ధంగా పడుకుని ఉన్నారని తోచింది. చేతులు చల్లబడ్డాయి. అప్పుడు లోపలికి వెళ్ళాను. ఇన్నేళ్ళయినా అంతే. ఏ రోజైనా ధీమాగా అనిపిస్తే, భయం వచ్చేదాకా ఆ తలుపు దగ్గరే నిలబడతాను.