మావయ్యగారి కంప్యూటరుకు నా బొట్టుబిళ్ళలు

మావయ్యగారు పోయారు. మా ఆయన తండ్రి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఏలూరు చుట్టుపక్కల బస్సు కండక్టరుగా తిరిగిన మనిషి. మధ్యాహ్నం భోజనం చేసి, మజ్జిగలో ఉప్పెక్కువ వేశానని నన్ను రెండు మాటలని, నడుం వాల్చారు. మళ్ళీ లేవలేదు. పలకరింపుకు వచ్చినవాళ్ళలో సగం మంది "పాపం, చూపు లేక ఎంత అవస్థపడ్డారో" అన్నారు. నేను మంచినీళ్ళు ఇచ్చాను గానీ ఆ మాట మాత్రం ఒప్పుకోలేదు. ఇక్కడా ఒప్పుకోను. ఆయన్ని పాపం అనడానికి వీల్లేదు.

గ్లకోమా వల్ల ఆయన చూపు మెల్లగా తగ్గి, చివరికి పూర్తిగా పోయింది. అప్పటినుంచి పొద్దున్నే మా ఆయన పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించేవారు. ప్రేమగానే చదివేవారు. కాకపోతే నాన్న మనసు కష్టపడుతుందనుకున్నవి దాటేసేవారు. "పేజీ అప్పుడే తిప్పేశావేంట్రా?" అని మావయ్యగారు అడిగితే, "అన్నీ ప్రకటనలే నాన్నగారూ" అనేవారు.

ఆకివీడులో మావయ్యగారికి ఒక స్నేహితుడుండేవాడు. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే బస్సు మీద పనిచేశారు, ఆయన డ్రైవరు, ఈయన కండక్టరు. కొల్లేటికోట తిరునాళ్ళకి కలిసి వెళ్దామని ఒకరోజు మావయ్యగారు ఫోన్ చేస్తే ఆ ఇంటి అబ్బాయి ఎత్తాడు.

"నాన్నగారు పోయారండీ. పెద్దకర్మ కూడా అయిపోయిందండీ. పేపర్లో వేయించాం కదా, మీరు చూసే ఉంటారనుకున్నామండీ."

మావయ్యగారు ఫోన్ పెట్టేసి కొడుకుని పిలిచారు. మా ఆయన దాచలేదు. "మీరు బాధపడతారని చదవలేదు నాన్నగారూ" అన్నారు.

"బాధపడ్డం నా పని రా. అదీ నువ్వే చేసిపెడతానంటే ఎలా?"

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి పేపరు చదివించుకోవడం మానేశారు. ఇంట్లో మా అమ్మాయి చదువుకుని వదిలేసిన కంప్యూటరుంటే, దాన్ని తన గదిలో పెట్టించుకున్నారు. కాగితాన్ని స్కానరు మీద పెడితే అక్షరాలు పట్టి చదివే ప్రోగ్రాము వేయించుకున్నారు. అందులో ఒకావిడ గొంతు. పెళ్ళి కబురైనా చావు కబురైనా ఒకే రకంగా చదువుతుంది. మాకు వినబుద్ధయ్యేది కాదు. "ఈవిడకి మొహమాటం లేదు. నాకిదే కావాలి" అనేవారాయన.

అసలు తంటా అక్కడే మొదలైంది. కీబోర్డు, హెడ్‌ఫోన్లు, ఇంటర్నెట్ డాంగిల్, స్కానరు, నాలుగింటినీ ఒకే యూఎస్‌బి హబ్‌కి, అంటే ఒక కన్నాన్ని నాలుగు చేసే చిన్న డబ్బాకి, తగిలించాం. స్కానరులో లైటు వెలిగి కదిలిందో లేదో, హెడ్‌ఫోన్లలో గొంతు ఆగిపోయేది. మనకైతే తెర కనిపిస్తుంది. ఆయనకి తెరా ఆ గొంతే, దారీ ఆ గొంతే. వేళ్ళు కీబోర్డు మీద అలాగే ఉంచి, "అమ్మాయ్, ఆవిడ మళ్ళీ పోయింది" అని నన్ను కేకేసేవారు.

కంప్యూటరు షాపు కుర్రాడు వచ్చి డ్రైవరు ప్రోగ్రాములు తీసేసి మళ్ళీ వేశాడు. సాయంత్రానికి గొంతు మళ్ళీ పోయింది. రెండోసారి వచ్చినప్పుడు, "స్కానరుకీ హెడ్‌ఫోన్లకీ పడట్లేదండీ. ఏదో ఒకటి తీసెయ్యండి, లేదంటే కొత్త సిస్టమ్ తీసుకోండి" అన్నాడు.

"ఏది తియ్యమంటావు బాబూ? కన్నా, చెవా?"

అతను పాపం నిజంగానే ఇబ్బంది పడ్డాడు. "నేను చదువుతాను కదా నాన్నగారూ" అన్నారు మా ఆయన. "నువ్వు దాటేస్తావు" అన్నారు మావయ్యగారు.

ఆ వారంలోనే ఒక పొద్దున నన్ను పిలిచి బల్ల ముందుకి లాగమన్నారు.

"బస్సులో తగువొస్తే ఏం చేసేవాళ్ళమో తెలుసా అమ్మాయ్? అందర్నీ దింపేసి, ఒక్కొక్కళ్ళనే ఎక్కించేవాళ్ళం. ఎవరెక్కాక గొడవ మొదలైందో తెలిసిపోద్ది."

అన్నీ పీకేశాం. ముందు కీబోర్డు పెట్టాం, బాగానే ఉంది. తర్వాత హెడ్‌ఫోన్లు, గొంతు వచ్చింది. డాంగిల్ పెట్టాం, గొంతు ఉంది. స్కానరు పెట్టి మీట నొక్కాం, గొంతు పోయింది.

"దొరికింది మావయ్యగారూ, స్కానరుదే తప్పు" అన్నాను.

"ఒంటరిగా పెడితే బానే ఉంటుందేమో? తొందరపడి ఎవర్నీ దింపకూడదు. తెర మీద ఏవన్నా రాసిందా?"

మూల చిన్న ఇంగ్లీషు ముక్క కనిపించింది. అది రోజూ వచ్చేదే, ఎవరూ పట్టించుకోనిదే.

"చదువు. ఒక్క ముక్క వదలకుండా చదువు."

చదివాను. హబ్ ఇవ్వగలిగిన కరెంటు చాలడం లేదట. ఆయన గట్టిగా నవ్వారు. "ఇద్దరు కూర్చునే సీట్లో నలుగుర్ని ఇరికించాం. తగువు రాకేం చేస్తుంది!"

స్కానరునీ హెడ్‌ఫోన్లనీ హబ్ నుంచి తీసి, కంప్యూటరు వెనక వేటికవి నేరుగా పెట్టాం. స్కానరు లైటు ఆ చివరి దాకా వెళ్ళింది. గొంతు ఆగలేదు. ఆయన హెడ్‌ఫోన్లు తీసి నా చెవి దగ్గర పెట్టి వినిపించారు. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆయనకి కనపడదు కదా అని తుడుచుకోలేదు. మొదట చదివించిన కాగితం ఏమనుకుంటున్నారు? భగవద్గీత కాదు. మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన నూనె కాగితం. అందులో సగం చిరిగిన సినిమా కబురుంది. మిగతా సగం ఏమైందని రెండు రోజులు నన్ను సతాయించారు.

మర్నాడు గొంతు మళ్ళీ రాలేదు. నేను ఇల్లు తుడుస్తూ హెడ్‌ఫోన్ల వైరు ఊడదీసి, పక్క కన్నంలో పెట్టాను. కంప్యూటరు దాన్ని ఎవరో కొత్తవాళ్ళనుకుంది, గొంతుని ఇంకోవైపు పంపేసింది. అంటే ఎవరి చోటు వాళ్ళకి ఉండాలి, ఆ చోటు ఆయన వేలికి తెలియాలి.

"అమ్మాయ్, అద్దానికి అంటించి పెట్టుకుంటావు చూడు, ఆ బొట్టుబిళ్ళలు నాకో రెండివ్వు."

పెద్ద గుండ్రటి బిళ్ళ హెడ్‌ఫోన్ల కన్నం పక్కన, పొడుగుది స్కానరు కన్నం పక్కన అంటించాను. ఇంక వైరు ఊడినా ఆయనకి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. రోజూ పేపర్లో చావు కబుర్లు ముందు చదివించుకునేవారు. తెలిసినవాళ్ళుంటే నన్ను వెంటబెట్టుకుని గుండుగొలను అయినా ఆకివీడైనా బస్సెక్కేవారు. ఏ ఒక్కరి పెద్దకర్మా తప్పిపోలేదు. చెప్పండి, ఆయన పాపమా?

ఆయన పెద్దకర్మ అయిన మర్నాడు మా పెద్దాడపడుచు గది సర్దుతూ వైర్లన్నీ పీకి, చక్కగా చుట్టలు చుట్టి పెట్టింది.

"ఇంకెవరికమ్మా ఇది? ఎవరికైనా ఇచ్చేద్దాం."

"ఇది ఎక్కడికీ వెళ్ళదు వదినగారూ" అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నేనే అనుకోలేదు.

కళ్ళు మూసుకుని కంప్యూటరు వెనక చెయ్యి పెట్టాను. గుండ్రటి బిళ్ళ, పొడుగు బిళ్ళ. పొడుగుదాని అంచు ఆయన గోటికి అరిగిపోయి ఉంది. వైర్లు పెట్టేశాను. మేము పేపర్లో వేయించిన మావయ్యగారి చావు ప్రకటన ఉన్న ముక్కని ముందే కత్తిరించి దాచాను. మా ఆయన దాన్ని ఒక్కసారి కూడా చదవలేకపోయారు. ఆయన్ని పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, కాగితం స్కానరు మీద బోర్లించాను.

లైటు నెమ్మదిగా అటు చివరికి వెళ్ళి తిరిగొచ్చింది. మా ఆయన కదలకుండా వింటున్నారు. ఆ ప్రకటన పొడుగు ఎంతో నాకు తెలుసు. అది అయిపోయేంతసేపు ఆగి, ఆ ముక్కలో కింద మిగిలిందల్లా ఎవరిదో చేపల మేత ప్రకటనే కదా అని హెడ్‌ఫోన్లు తియ్యబోయాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఉండు. ఇంకా చదువుతోంది."